తొమ్మిదో గది చలికాలం

రోజు 1. గదిలో 3 డిగ్రీలు. బయట 44. మొలకలు లేవు. వచ్చినవాళ్ళు: నేను.

ఈ పుస్తకం రాయాలని ఊరి కమిటీ తీర్మానించింది. రాయాల్సింది మూడే ముక్కలట. గదిలో చలి ఎంత, గింజలు మొలిచాయా, లోపలికి ఎవరెవరు వచ్చారు. ఏ విషయమైనా మూడు ముక్కల్లో చెప్పడం నాకు చేతకాదని మా ఆయన పోయేదాకా అంటూనే ఉన్నాడు. కమిటీవాళ్ళకి ఆ సంగతి తెలియదు పాపం. నాలుగొందల పేజీల పుస్తకం ఇచ్చారు.

నా పేరు జీవరత్నం. చలమపాలెం కోల్డు స్టోరేజీలో ముప్పై ఒక్క ఏళ్ళుగా కంప్రెసర్ మెకానిక్‌ని. మొక్కలకీ నాకూ పడదు. నా చేత్తో చల్లిన గోంగూర కూడా మొలవలేదు. గోంగూర మొలవకపోవడం గుంటూరు జిల్లాలో అంతకుముందు ఎవరూ చూడలేదని ఊరంతా వచ్చి చూసిపోయారు. అలాంటి నాకు పూలమొక్క పెంచే పని ఇచ్చారంటే కారణం ఒక్కటే. ఈ మొక్కకి కావలసింది చెయ్యి కాదు, చలి. చలి చేసే మనిషిని ఈ చుట్టుపక్కల నేనే మిగిలాను.

ఒకప్పుడు ఇక్కడ పన్నెండు గదులూ నడిచేవి. మిర్చి టిక్కీలు, అంటే బస్తాలు, కప్పు దాకా పేర్చేవాళ్ళు. ఇప్పుడు నడిచే మిషన్లు రెండు. ఒకటి ఊరి చలువసావిడికి. పొద్దున తొమ్మిదింటికి ఊరు మూతపడగానే జనమంతా సావిడిలో చేరి, సాయంత్రం ఆరింటికి సైరన్ మోగేదాకా అక్కడే ఉంటారు. సావిడిలో ముప్పై డిగ్రీలు, మనిషికి ఒక చాప. రెండో మిషన్ ఈ తొమ్మిదో గదికి. ఇందులో టిక్కీలు పెట్టి పాతికేళ్ళయినా గోడల్లో ఘాటు ఇంకా చావలేదు. ఈ పేరా రాసేలోపు నేను నాలుగుసార్లు తుమ్మాను.

రోజు 2. గదిలో 3. బయట 44. మొలకలు లేవు.

గింజలు పంపింది రించెన్ అనే ఆవిడ. ఉత్తరాన, లారీ పదహారు రోజులు పోతే వచ్చే కొండ మీద ఉంటుంది. ఏటా మన మిర్చి అటు వెళ్తుంది. ఈసారి తిరుగు లారీలో ఒక కవరు వచ్చింది. ఆవిడ ఉత్తరం ఇక్కడ ఎక్కిస్తున్నాను, పోగొట్టుకునే అలవాటు నాకుంది కాబట్టి.

“అమ్మా, మా కొండ మీద జెన్షియన్ అనే నీలిపువ్వు పూసేది. మూడేళ్ళుగా మాకు మంచు పడలేదు. చలికాలం చూడనిదే ఆ గింజ మొలవదు. మీ ఊళ్ళో చలి తయారుచేసే గదులున్నాయని లారీవాళ్ళు చెప్పారు. నలభై ఒక్క గింజలు పంపుతున్నాను. ఉన్నవన్నీ ఇవే, ఇంకా ఉన్నాయని అనుకోవద్దు. కంకరా ఇసకా ఆకుమన్నూ కలిపి తట్టలో పరవండి. గింజల మీద మట్టి కప్పొద్దు, అవి వెలుతురు చూడాలి. బోరు నీళ్ళు పనికిరావు, వాననీళ్ళు పొయ్యండి, అదీ తట్ట కిందనుంచి పీల్చుకునేలా. మా చలికాలం ఎంత చల్లగా ఉంటుందో అంత చల్లగా ఉంచండి. ఆ తర్వాత ఏం చెయ్యాలో మీకు చెప్పనక్కర్లేదు.”

కొండవాళ్ళు చలికోసం మనల్ని అడిగారనేసరికి కమిటీకి ఛాతీ ఉబ్బింది. అడిగిన పూటే ఒప్పేసుకున్నారు.

గింజలు చూద్దును కదా, నలుసులు. ఊపిరి బిగబట్టి, భూతద్దం పెట్టుకుని, ఒక్కొక్కటే తడిపిన పుల్లతో ఎత్తి పెట్టాను. ఈ గదిలో తుమ్మకుండా గంటన్నర ఉండడం నా జీవితంలో నేను చేసిన పెద్ద పని. మట్టి కప్పలేదు. వెలుతురు చూడాలంది గానీ ఎప్పుడు చూడాలో రాయలేదు. దీపం వేస్తే గదికి వేడి. మొలిచాక చూస్తాయిలే అని ఆర్పేశాను. ఇక చివరి మాట సరిగ్గానే రాసింది. చలి గురించి నాకు ఎవరో చెప్పనక్కర్లేదు.

రోజు 6. గదిలో 3. బయట 45. మొలకలు లేవు. వచ్చినవాళ్ళు: అంకమ్మత్త.

అంకమ్మత్త మా ఆయనకి మేనత్త. డెబ్భై ఎనిమిదేళ్ళు. నాకు పొరుగిల్లు. మిషన్ గదిలో ఉండగా తొమ్మిదో గది గుమ్మం దగ్గర తుమ్ము వినిపించింది. ఒక్క తుమ్ముతో గడప దాటకూడదు కదా, బయటే ఆగింది. తర్వాత ముక్కులో కొంగు కొస పెట్టుకుని తెచ్చుకున్న రెండో తుమ్ము. అప్పుడు లోపలికి అడుగు. ఇక నాకు కాలింగ్ బెల్ అక్కర్లేదు.

“ఏందత్తా ఇది, తలుపు తీస్తే చలి పోద్ది.”

“పోతే పోయిందిలేవే, మళ్ళీ చేస్తావుగా. మొక్క ఎట్టా ఉందో చూసిపోదామని వచ్చా.”

“మొక్క లేదు. గింజలే.”

“అయితే గింజలెట్టా ఉన్నాయో చూసిపోతా.”

తట్ట పక్కన పీట వేసుకుని, కళ్ళు మూసుకుని, నలభై నిమిషాలు గింజల్ని చూసింది. జెన్షియన్ అంటే నోరు తిరగక దానికి కొండపిల్ల అని పేరు పెట్టింది. పోతూ పోతూ చెంబుతో తెచ్చిన బియ్యం కడిగిన నీళ్ళు తట్టలో పొయ్యబోయింది. చెయ్యి పట్టుకుని ఆపాను. పసిపిల్లకి ఉగ్గు పెట్టనివ్వని కోడల్ని చూసినట్టు చూసి వెళ్ళింది.

రోజు 23. గదిలో 5. బయట 46. మొలకలు లేవు. వచ్చినవాళ్ళు: 34 మంది. నిన్న 29.

మా ఊళ్ళో ఇంతమందికి మొక్కలంటే ప్రాణమని నాకు ఇన్నాళ్ళూ తెలియదు. దర్జీ మస్తాను తట్టకి గుడ్డ కుడతానని కొలత తీసుకోడానికి వచ్చాడు. జానెడు తట్టకి కొలత తియ్యడానికి గంట పట్టింది. రేపు ఇంకోసారి కొలుస్తాడట, సరిచూసుకోడానికి. కడుపుతో ఉన్న కోటేశ్వరి పుట్టబోయే బిడ్డకి నీలిరంగు కళ్ళు వస్తాయేమోనని వచ్చింది. పూసినప్పుడు కదా రావాల్సింది అంటే, ముందునుంచీ వస్తే గట్టిగా వస్తాయి కదా పిన్నీ అంది. దానికి మాత్రం నేనే కుర్చీ వేశాను.

అందరినీ మించినవారు కమిటీ సెక్రటరీ పోలేశ్వరరావు గారు. వారానికి రెండుసార్లు తనిఖీ. తనిఖీకి దిండు తెచ్చుకునే అధికారిని నేను ఇంకెక్కడా చూడలేదు.

“రత్నమ్మ గారూ, పరిశీలన లోతుగా చెయ్యాలండీ. పైపైన చూసి సంతకం పెట్టే రకం కాదు నేను.”

లోతుగానే చేశారు. గురక మిషన్ గదిదాకా వినిపించింది.

నవ్వుతూ రాస్తున్నాను గానీ, మనిషి ఒంటి వేడి తక్కువదేం కాదు. ఒక్కొక్కళ్ళు వందవాట్ల బల్బు లెక్క. రోజుకి ముప్పై బల్బులు గదిలో వెలిగించి ఆర్పుతున్నట్టుంది నా బతుకు. మూడు డిగ్రీలు నిలబెట్టడానికి మిషన్ మూలుగుతోంది. ఇంటికి వచ్చినవాళ్ళని పొమ్మని ఎలా అంటాం?

రోజు 58. గదిలో 4. బయట 47. మొలకలు లేవు.

లారీ వచ్చింది. రించెన్ ఉత్తరం రెండే వాక్యాలు. “గింజలు బాగున్నాయా? ఇక్కడ మా అమ్మ రోజూ అడుగుతోంది.”

జవాబు రాశాను. “మొలకలు ఇంకా రాలేదు. మీ చలి అంత చలి ఇంకా తగిలినట్టు లేదు. ఒక డిగ్రీ తగ్గిస్తున్నాను.” తర్వాత ఏం చెయ్యాలి అన్న ముక్క అడుగుదామా అనిపించింది. కలం ఆగింది కూడా. ముప్పై ఒక్క ఏళ్ళు కంప్రెసర్ తిప్పినదాన్ని, చలి సంగతి అడుగుతానా? మడిచి కవర్లో పెట్టేశాను.

రోజు 96. గదిలో 2. బయట 48. మొలకలు లేవు.

ఈసారి పోలేశ్వరరావు గారు దిండు లేకుండా వచ్చారు. అప్పుడే అనుకున్నాను, ఇదేదో కొంపముంచే వ్యవహారమని.

“కమిటీలో మాటొచ్చిందండీ. ఎండలు చూస్తే ఇట్టా ఉన్నాయి, సావిడి చాలట్లేదు. నూటయాభయ్యో రోజుకి మొలక కనిపించకపోతే ఈ మిషన్‌ని సావిడికి కలిపెయ్యాలని తీర్మానం. నేను వద్దనే అన్నా. నాకూ ఈ గదంటే ఇదే కదా.”

ఆయన మాటలో తప్పు లేదు. అందుకే నాకు ఇంకా మండింది. ప్రపంచంలో ఉన్నవి నలభై ఒక్క గింజలు. అవి నా తట్టలో ఉన్నాయి. గోంగూర పోతే నవ్వి ఊరుకున్నారు. ఇవి పోతే నవ్వడానికి కూడా ఏం మిగలదు.

తలుపుకి తాళం వేశాను. ఒక డిగ్రీకి దించాను. బోర్డు కూడా పెట్టాను: లోపలికి ఎవరూ రాకూడదు.

సాయంత్రం అంకమ్మత్త బోర్డు ముందు నిలబడి అక్షరం అక్షరం చదివింది.

“ఎవరూ అంటే నేను కూడానా?”

“నువ్వే ముందు అత్తా. పూటకి రెండుసార్లు వస్తావు. నీ మూలానే సగం చలి పోతోంది.”

అనకుండా ఉండాల్సింది. మొహం చిన్నబోయింది ఆవిడకి.

“సరేలేవే. ఇక నీ గదిలో కాలు పెడితే చూడు. నువ్వు బతిమాలినా రాను.”

రోజు 118. గదిలో 1. బయట 49. మొలకలు లేవు. వచ్చినవాళ్ళు: లేరు.

చలి గీత గీసినట్టు ఒక్క డిగ్రీ దగ్గర నిలబడింది. మిషన్ ఇంత హాయిగా ఎన్నడూ నడవలేదు. నాకే హాయిగా లేదు. రోజంతా ఒక్క తుమ్ము లేదు. అంకమ్మత్త నా గుమ్మం ముందునుంచి కొంగు తలమీదుగా లాక్కుని పోతోంది, నేనేదో అప్పు వసూలుకి నిలబడినట్టు. నేనే వెళ్ళి రెండు మాటలు మాట్లాడితే పోయేదే. గింజలు మొలిచాక పిలుద్దాంలే, అప్పుడు ఆవిడే కరుగుతుంది అనుకుంటూ కూర్చున్నాను.

భూతద్దం పెట్టి చూస్తే గింజలు పెట్టినచోట పెట్టినట్టే ఉన్నాయి. అర డిగ్రీకి దించాను.

రోజు 127. గదిలో ఎంతో చూడలేదు. బయట 51.

పొద్దున పదింటికి సావిడి మిషన్ కాలిపోయింది. వాసన ముందు వచ్చింది, తర్వాత పొగ. విప్పి చూస్తే మోటారు కాయిల్ బొగ్గు. కొత్తది విజయవాడనుంచి రావాలి. పగలు లారీలు నడవవు కాబట్టి నాలుగు రోజులు. ఉన్న మంచుగడ్డలన్నీ పగలగొట్టి ముసలాళ్ళ నెత్తిన పెడితే అరగంటలో నీళ్ళయ్యాయి.

సావిడిలోంచి జనం నడుచుకుంటూ వచ్చి తొమ్మిదో గది ముందు వరండాలో నిలబడ్డారు. నూటనలభై మంది. మస్తాను బోర్డు వైపు చూసి తల తిప్పుకున్నాడు. కోటేశ్వరి గోడకి ఆనుకుని కూర్చుంది. తాళంచెవి నా మెడలోనే ఉంది.

నిజం రాస్తున్నాను. వెంటనే తియ్యలేదు. నూటనలభై మంది లోపలికి వస్తే నూటనలభై బల్బులు. గింజల పని అయిపోయినట్టే. ఉన్నవన్నీ ఇవే అన్న ఉత్తరం కళ్ళముందు కనిపించింది. నేను అక్కడ ఎంతసేపు నిలబడ్డానో ఎవరూ నన్ను అడగలేదు, ఇక ముందు కూడా అడగరు. నాకు మాత్రం సిగ్గుగా ఉంది.

తీశాను. తట్టని పై అరమీద పెట్టి, అందరినీ లోపలికి తోశాను. జనం తుమ్ములకి గది దద్దరిల్లింది. ఆ తుమ్ముల్లో నాకు తెలిసిన తుమ్ము లేదు.

టిక్కీల తోపుడుబండి తీసుకుని ఆ ఎండలో పరిగెత్తాను. సావిడినుంచి అందరూ ఇటొస్తే అంకమ్మత్త ఒక్కతే ఇంటికి పోయింది, నేలమీద పడి ఉంది. ఒళ్ళు కాలుతోంది, చెమట లేదు. నన్ను చూసి కళ్ళు సగం తెరిచింది.

“రానన్నానుగా.”

“నువ్వు రావద్దులే. నేనే తీసుకుపోతా.”

“తాళం తీశావా? మరి కొండపిల్ల?”

“దాని సంగతి తర్వాత. నోరు మూసుకుని బండెక్కు.”

“నన్ను టిక్కీ అనుకున్నావటే?”

“టిక్కీ అయితే ఇంత వాగదు.”

బండి తోస్తూ దారంతా ఏడ్చాను. పుస్తకంలో రాయకూడదేమో, కానీ ఇదీ జరిగిందే.

రోజు 129. గదిలో 18. బయట 51.

మూడు డిగ్రీలకోసం కొట్టుకున్న గదిలో పద్దెనిమిది. గోడలు చెమర్చి కారుతున్నాయి. చీకట్లో కాళ్ళు తొక్కుకుంటున్నారని దీపాలన్నీ వేశాం, మూడు రోజులుగా ఆర్పలేదు. ఒక మూల పేకాట, ఒక మూల భజన, మధ్యలో పోలేశ్వరరావు గారు. దిండు ఆయనదే, దానిమీద తలలు మాత్రం నాలుగు. కోటేశ్వరికి అందరికంటే మంచి చోటు ఇచ్చారు.

అంకమ్మత్త తట్ట ఉన్న అర కిందే పడుకుంది. జ్వరం దిగింది. దిగగానే మొదట అడిగింది, దీపం కొంచెం అటు జరపమని. కొండపిల్ల కనిపించడం లేదట. మండే దీపాన్ని తట్టకి మూరెడు దూరంలో వేలాడదీశాను. ఎలాగూ పోయినవే, చూసుకోనీ అనుకున్నాను.

రోజు 131. గదిలో 15. బయట 48.

కాయిల్ వచ్చింది. బిగించాను. సావిడి నడిచింది. పోతూ పోతూ ఒక్కొక్కళ్ళూ నా ముందు ఆగి, తల మీద చెయ్యి వేసి వెళ్ళారు. నాకంటే చిన్నవాళ్ళు కూడా. కోపం రాలేదు.

డాక్టరమ్మ అంకమ్మత్తని ఇంకో రెండు వారాలు చల్లటి చోటే ఉంచమంది, మరీ గడ్డకట్టే చలి మాత్రం వద్దంది. అందుకని పదిహేను దగ్గరే వదిలేశాను. మళ్ళీ ఒక డిగ్రీకి దించడానికి ఎవరున్నారు గనక?

రించెన్‌కి ఉత్తరం రాశాను. నాలుగుసార్లు చింపి అయిదోసారి రాశాను. “అమ్మా, మీరు నమ్మి ఇచ్చారు. నూట ఇరవయ్యారు రోజులు దీపం కూడా ఆర్పేసి చలిలో ఉంచాను, రోజురోజుకీ పెంచాను. చివరికి మనుషులు చచ్చిపోయేలా ఉంటే తలుపు తీశాను. గది వేడెక్కింది. మీ గింజల్ని నేనే చంపాను. మళ్ళీ అదే పరిస్థితి వస్తే మళ్ళీ తలుపు తీస్తాను. అయినా నన్ను క్షమించండి.”

రోజు 142. గదిలో 15. బయట 46. మొలకలు:

ఆ పైన ఖాళీ ఎందుకు వదిలానో చెప్తాను. లెక్క ఇంకా తేలలేదు.

పొద్దున మిషన్‌కి నూనె వేస్తున్నాను. తొమ్మిదో గదిలోంచి కేక.

“ఏమే రత్నం! దీనికి తలకాయలొచ్చినయ్యే!”

జ్వరం తిరగబెట్టిందనుకుని పరిగెత్తాను. అంకమ్మత్త పీటెక్కి నిలబడి ఉంది, పడితే నడుం విరిగే ఎత్తున. దించి నేనెక్కి చూశాను. కంకర మధ్య పచ్చటి చుక్కలు. ఆవగింజలో సగం లేవు. ఒక్కో చుక్కకి రెండేసి ఆకులు. భూతద్దం కోసం జేబులో వెతికాను, కంగారులో కింద పడేసుకున్నాను. తొమ్మిదిదాకా లెక్కపెట్టేసరికి కళ్ళలో నీళ్ళొచ్చి లెక్క తప్పింది. మళ్ళీ మొదలుపెట్టాను, ఈసారి తుమ్మొచ్చింది.

“నువ్వు దిగవే, మొలకల్ని కూడా నీ గోంగూర చేసేట్టున్నావు” అని అంకమ్మత్త నా కొంగు పట్టి లాగింది.

సాయంత్రానికి తేలింది. పందొమ్మిది.

రోజు 163. గదిలో 14. మొలకలు 27. వచ్చినవాళ్ళు: ఊరు.

రించెన్ జవాబు ఇవాళ వచ్చింది. సావిడిలో అందరి ముందూ చదివాను, కమిటీ ఆజ్ఞ.

“అమ్మా, మీ ఉత్తరం చదివి ముందు ఏడ్చాను. తర్వాత మా అమ్మకి చదివి వినిపిస్తే ఆవిడ నవ్వడం మొదలుపెట్టింది, ఇంకా ఆపలేదు. నూట ఇరవయ్యారు రోజులు చలిలోనే ఉంచారా? దీపం కూడా ఆర్పేసి? మా చలికాలం డెబ్భై రోజులమ్మా. ఆ తర్వాత మంచు కరుగుతుంది, ఎండ వస్తుంది, అప్పుడే గింజ లేస్తుంది. ఇది మా ఊళ్ళో ఎవరికీ చెప్పే అవసరం రాలేదు. చలిని చేత్తో ఆపెయ్యాలని మీ ఊరివాళ్ళకి ఎలా తడుతుందో నేనూ ఆలోచించలేదు. తప్పు ఇద్దరిదీ. మొలకలు వచ్చుంటాయి, వెళ్ళి చూడండి.”

సావిడి అంతా గొల్లున నవ్వింది. నా తల కొట్టేసినట్టయింది. నవ్వకుండా ఉన్నది అంకమ్మత్త ఒక్కతే.

“నవ్వుతారేందయ్యా? చలి అయిపోవాలని ఈ ఊళ్ళో కోరుకున్నోడు ఎవడన్నా ఉన్నాడా, చెయ్యెత్తండి.”

ఎవరూ ఎత్తలేదు. నేను పుట్టినప్పటినుంచీ చలిని నిలబెట్టడమే చూశాను, అదే నేర్చుకున్నాను. దాన్ని వదలడం కూడా పనిలో భాగమే అంటే నాకు ఇప్పటికీ చెయ్యి రావడం లేదు.

కమిటీ మాత్రం క్షణంలో నేర్చుకుంది. తీర్మానం ఇది: ఏటా డెబ్భై రోజులు తొమ్మిదో గదికి తాళం. డెబ్భై ఒకటో రోజునుంచి ఊరివాళ్ళు వంతులవారీగా లోపల కూర్చుని గదిని వెచ్చబెట్టాలి. దీనికి వసంతం డ్యూటీ అని పేరు. మొదటి వంతు పోలేశ్వరరావు గారిది. దిండు ప్రభుత్వ సామగ్రిలో చేర్చారు. ఇక ఇరవయ్యేడు మొలకలకీ ఇరవయ్యేడు ఇళ్ళవాళ్ళు తమ ఊపిరి తగిలే మొలిచాయని కొట్టుకుంటున్నారు. ఒకే మొలక కోసం మస్తానూ కోటేశ్వరీ మాట్లాడుకోవడం మానేశారు. కోటేశ్వరికి పుట్టిన కూతురి కళ్ళు నల్లగానే ఉన్నాయి, రాసిపెట్టమంది.

మూడో ఏడు, రోజు 88. గదిలో 13. బయట 50. మొక్కలు 22.

మధ్య రెండేళ్ళలో రాయదగ్గ ఘనకార్యాలు లేవు. మొక్క అంగుళం పెరగడానికి ఏడాది తీసుకుంది. వేళ్ళు కదిపితే అలుగుతుంది, కుండీ మారిస్తే అలుగుతుంది. అంకమ్మత్త తర్వాత ఇంత అలిగే ప్రాణిని నేను చూడలేదు. అయిదు మొక్కలు పోయాయి. ఒక్కోదానికీ మూడు రోజులు అన్నం సయించలేదు నాకు.

ఇవాళ పూసింది.

కబురు నిమిషంలో ఊరంతా పాకింది. నేను మిషన్ ఆపి వచ్చేసరికి యాభై మంది తట్ట మీదకి వంగి ఉన్నారు. లోపల చూద్దును కదా, పువ్వు లేదు. మెలితిప్పిన గుడ్డలా ముడుచుకున్న మొగ్గ ఉంది.

“ఇందాక ఉందండీ, నా కళ్ళతో చూశాను” అన్నారు పోలేశ్వరరావు గారు, దొంగతనం జరిగినట్టు చుట్టూ చూస్తూ.

రించెన్ ఎప్పుడో రాసింది. మబ్బు కమ్మితే ఆ పువ్వు మూసుకుంటుందట. మబ్బు ఎక్కడిదా అని పైకి చూశాను. మబ్బులన్నీ వంగి ఉన్నాయి.

“మీ నీడలు తియ్యండయ్యా!” అని అరిచాను. “దీపానికి అడ్డం లేవండి. గోడ దగ్గరికి పొండి, అందరూ!”

గోడకి ఆనుకుని వరసగా నిలబడ్డారు, బళ్ళో పిల్లల్లాగా. అంకమ్మత్త మాత్రం పీటమీద కదలకుండా కూర్చుంది. ఎనభై నిండాయి, లేవమంటే నన్నే లేపమంటుంది. దీపం వెలుతురు తట్ట మీద పడింది. తుమ్మొచ్చినవాళ్ళు చేతులు నోట్లో కుక్కుకున్నారు. చాలాసేపు ఏమీ జరగలేదు. తర్వాత మెలి ఒక్కో మడతా వదిలింది.

నాకు తెలిసిన నీలం ఇంకు సీసాలో నీలం. ఇది అది కాదు. ఎలాంటిదో నాకు చెప్పడం రాక అంకమ్మత్త వైపు చూశాను. ఆవిడ కళ్ళు తుడుచుకోవడం కూడా మర్చిపోయింది.

“నా చిన్నప్పుడు కార్తీకంలో ఆకాశం ఇట్టా ఉండేదే రత్నం. మీకెవరికీ చెప్పినా నమ్మరని ఊరుకున్నా.”

గోడ దగ్గరివాళ్ళంతా పువ్వునీ, ఆవిడనీ మార్చి మార్చి చూశారు. తెల్లగా మండే ఆకాశం తప్ప ఇంకోటి తెలియనివాళ్ళం మేము. ఆవిడ మాట నేను నమ్మాను.

మూడో ఏడు, రోజు 170. గదిలో 12. బయట 43.

తుమ్మెదలు లేవు కాబట్టి కోడి ఈకతో పువ్వు పువ్వుకీ నేనే పుప్పొడి అద్దాను. ఆ పని చేస్తుంటే ఊరంతా నన్ను ఎన్ని మాటలందో ఇక్కడ రాయను, రేపు పిల్లలు చదువుతారు. కాయలు ఎండి పగిలాయి. అంకమ్మత్త ఒళ్ళో తెల్లగుడ్డ పరిచి దులిపాను. ఇద్దరం ఊపిరి బిగబట్టి ఏరాం.

కాయ పగలకముందే ఊరికి చెప్పేశాను. కొత్త గింజల్లో సగం ఇక్కడే తడి ఇసకలో డెబ్భై రోజులు చలిలో పెట్టి, అప్పుడు కొండకి పంపాలని, మిగతా సగం మన దగ్గరే ఉంచాలని. ఇవాళ తాళం వేశాను. డెబ్భై రోజుల తర్వాత నేనే తీస్తాను, ఎవరూ గుర్తు చెయ్యక్కర్లేదు. తాళం వేసి వస్తుంటే అంకమ్మత్త అడిగింది.

“ఉత్తరంలో ఏం రాస్తావే?”

“ఇప్పుడెందుకత్తా, ఇంకా డెబ్భై రోజులుంది.”

“ఇప్పుడే రాయి. నేను విని పెడతా. నువ్వు ముక్కలు మింగే రకం.”

అందుకని ఇప్పుడే రాశాను. ఆవిడ విని ఊ అన్నాక ఇక్కడ ఎక్కిస్తున్నాను.

“రించెన్ గారూ, మీ కొండకి ఈ ఏటి చలికాలం మా చలమపాలెంలో జరిగిపోయింది. ఈ గింజలు దాన్ని పూర్తిగా చూశాయి, ఇక మంచు కోసం ఎదురుచూడక్కర్లేదు. మీకు తెలిసిందే అయినా అన్నీ రాస్తున్నాను, ఏమీ అనుకోకండి. కంకర మీద చల్లండి, మట్టి కప్పకండి, వెలుతురు తగలనివ్వండి. పూసిన రోజు అందరూ ఒక్కసారి మీద పడకండి, మీ నీడకి మూసుకుంటుంది. మీ అమ్మగారిని పక్కనే పీట వేసి కూర్చోబెట్టండి. ఒకవేళ మొలవకపోతే దిగులు పడకుండా నాకు రాయండి. ఉన్నవన్నీ ఇవే అనుకోవద్దు. ఇంకా ఉన్నాయి.”